అడవి పందుల వేటకి మొదటిసారి వెళ్తున్నా (టెక్సాస్), ఏ రైఫిల్ కొనాలి?

ప్లేనో_కొత్తోడు
తుపాకీల గురించి నాకు తెలిసింది సున్నా. మా టీమ్‌లో ఇక్కడే పుట్టి పెరిగిన ఒకాయన ఉన్నాడు, వాళ్ళ మామగారికి అబిలీన్ అవతల 300 ఎకరాల రాంచ్ ఉంది. అడవి పందులు పడి నేలంతా దున్నేస్తున్నాయట, వచ్చే నెల ఒక వీకెండ్ రమ్మన్నాడు. ఆ ఊపులో సరే అనేశా. ఇప్పుడు రాత్రిళ్ళు వీడియోలు చూస్తుంటే బుర్ర తిరిగిపోతోంది. తూటా సైజు ఒకడు .308 అంటాడు, ఇంకొకడు 6.5 క్రీడ్‌మూర్ అంటాడు, మూడోవాడు థర్మల్ స్కోప్ (ఒంటి వేడిని బట్టి చీకట్లో చూపించే అద్దం) లేనోడు వేటకే రావద్దంటాడు. ఆ స్కోప్ రేటు చూస్తే నేను కారుకి కట్టిన డౌన్ పేమెంట్ గుర్తొచ్చింది. మొత్తం బడ్జెట్ 1,500 డాలర్లు. ఏ రైఫిల్ కొనాలి, దాంతో పాటు ఇంకేం కావాలి? పంది వేటకి లైసెన్సు అక్కర్లేదట, ఆ తలనొప్పి లేదు కాబట్టి ఈ శనివారమే షాపుకి వెళ్ళిపోదామనుకుంటున్నా. హెచ్-1బి మీద ఉన్నా, దానికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటా.

కాగితాలపిచ్చి
నువ్వు చివర రాసింది మొదట రాయాల్సింది. సంబంధం ఉంది, బోలెడంత ఉంది.

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 అందరూ ఇందులోకే వస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు. కొన్ని మినహాయింపులున్నాయి, మనలాంటివాళ్ళకి పనికొచ్చేది ఒక్కటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు, గడువు దాటనిది, చేతిలో ఉండాలి.

ఇక టెక్సాస్ సంగతి. 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవి పందిని కొట్టడానికి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదు. నువ్వు విన్నది అదే. కానీ ఆ సడలింపు పంది వరకే, తుపాకీకి కాదు. పందికి లైసెన్సు అక్కర్లేదు, నీకు కావాలి.

మిరపకాయబజ్జి
"పందికి లైసెన్సు అక్కర్లేదు, నీకు కావాలి." దీన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటా

ప్లేనో_కొత్తోడు
దేవుడా. షాపుకి వెళ్ళి ఫారం నింపేవాణ్ణి. మరి లైసెన్సు ఎలా తీసుకోవాలి?

కాగితాలపిచ్చి
1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ అనే కోర్సు పాసవ్వాలి. 17 నిండినవాళ్ళు మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు, వివరాలన్నీ టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ సైట్‌లో ఉంటాయి. టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలు ఉంటే రెసిడెంట్ రేటు, మామూలు హంటింగ్ లైసెన్సు 25 డాలర్లు. లేకపోతే నాన్ రెసిడెంట్ రేటు, అది చాలా ఎక్కువ.

ఇంకో మాట. ఇక్కడ లైసెన్సు నువ్వు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో చచ్చిపోతుంది. జూలైలో కొని, ఏడాది ఉంటుందిలే అనుకుని సెప్టెంబరులో రేంజ్‌కి (తుపాకీ కాల్చడం ప్రాక్టీస్ చేసే చోటుకి) వెళ్ళావనుకో, చేతిలో ఉన్నది గడువు దాటిన కాగితం. వీసా మీద ఉన్నవాడికి అది చిన్న తప్పు కాదు. ఏమాత్రం అనుమానం ఉన్నా నీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టు.

జస్ట్‌చిల్
అబ్బా ఎందుకు భయపెడతారు. నేను ఎఫ్-1లో ఉన్నప్పుడు ఫ్రెండ్స్‌తో రేంజ్‌కి వెళ్ళి అద్దె తుపాకీతో కాల్చా, ఏం కాలేదు

కాగితాలపిచ్చి
కొనుక్కోవడం ఒక్కటే కాదు, రేంజ్‌లో అద్దె తుపాకీ చేతికి తీసుకున్నా దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. నీకేం కాలేదు, సంతోషం. దాన్ని ఇలా నలుగురు చదివే చోట రాసి పెట్టడం ఎందుకు మరి?

జస్ట్‌చిల్
...ఎడిట్ బటన్ ఎక్కడుంది

గాలివాటం
కాగితాల గొడవ తేలిందిగా, ఇక అసలు సంగతి. పదకొండేళ్ళుగా వెళ్తున్నా, మొదటి రెండేళ్ళలో కొట్టిన పందులు సున్నా. కాబట్టి ఓడిపోవడంలో నా అనుభవాన్ని తక్కువ అంచనా వేయకు.

రైఫిల్ కొనకు. ఇప్పుడే కొనకు. పిలిచినాయన ఇంట్లో కనీసం మూడు ఉంటాయి, ఆయన్నే అడుగు, లైసెన్సు వచ్చాక ఆయనతోనే రేంజ్‌కి వెళ్ళి నాలుగు గంటలు గడుపు. ఏది నీ భుజానికి సరిపోతుందో అక్కడే తెలుస్తుంది. .243 అయినా .308 అయినా 6.5 క్రీడ్‌మూర్ అయినా .30-06 అయినా పంది పడుతుంది. .223తో కూడా పడుతుంది, తూటా మంచిదై, తగలాల్సిన చోట తగిలితే. .22 రిమ్‌ఫైర్ మాత్రం పట్టుకెళ్ళకు, గాయపరచడానికి తప్ప పనికిరాదు.

నువ్వు డబ్బు పెట్టాల్సింది చెవులకి మంచి మఫ్స్, మోకాలి దాకా వచ్చే బూట్లు, హెడ్‌ల్యాంపు, నైట్రైల్ గ్లవ్స్ డబ్బా, పదునైన కత్తి, పెద్ద కూలర్. ఇంకా రెండు డాలర్ల పౌడర్ సీసా.

పౌడర్ ఎందుకంటావా. పందికి చూపు అంతంత మాత్రమే. చెవులు బాగా పనిచేస్తాయి. ముక్కు మాత్రం వేరే లోకం, దాని దగ్గర మనం ఏం చేసినా ఓడిపోతాం. గాలి నీ వీపు మీద నుంచి దానివైపు వెళ్తోందంటే నువ్వు ఇంటికెళ్ళి పడుకోవచ్చు. సీసా నొక్కితే ఒక చిటికెడు పొడి లేచి గాల్లో తేలుతుంది చూడు, అది ఎటు పోతే నీ వాసనా అటే. నా మొదటి రెండేళ్ళూ ఈ ఒక్క ముక్క తెలియకే పోయాయి. ఖరీదైన కామో చొక్కా వేసుకుని, ఒంటికి డియోడరెంట్ కొట్టుకుని, గాలికి ఎదురు కూర్చోవాల్సినవాణ్ణి గాలివాలుకి కూర్చునేవాణ్ణి.

మిరపకాయబజ్జి
హ్యాండిల్ వెనక ఇంత విషాదం ఉందని తెలీదు అన్నా

రాత్రిరాజు
గాలివాటం గారి పోస్టులో 90 శాతం ఒప్పుకుంటా, థర్మల్ ఊసెత్తకపోవడం మాత్రం ఒప్పుకోను. టెక్సాస్ ఎండల్లో పందులు పగలు బయటికి రావు, వాటికి ఒళ్ళు చల్లబరుచుకునే చెమట లేదు. రెండుసార్లు తుపాకీ చప్పుడు విన్న గుంపు పూర్తిగా రాత్రికి మారిపోతుంది. పగలు మంచె మీద కూర్చుని నువ్వు లెక్కపెట్టేది దోమల్నే. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే రాత్రి వేట ఇక్కడ చట్టబద్ధమే. థర్మల్ కొనక్కర్లేదు, ఒక రాత్రికి అద్దెకిస్తారు. మేం నలుగురం గైడ్‌తో ఒక రాత్రి వెళ్ళాం, మనిషికి 250 డాలర్లు, తుపాకీ స్కోప్ అన్నీ వాళ్ళవే, తెల్లారేసరికి ఏడు పందులు.

గాలివాటం
మొదటిసారి తుపాకీ పట్టుకున్నవాడికి, అదీ రాత్రి, అదీ థర్మల్! అందులో వేడిగా ఉన్న ప్రతిదీ తెల్ల మచ్చే బాబూ. దూడ, కుక్క, పక్క రాంచ్ వాళ్ళ గాడిద. దాని వెనక ఏముందో అస్సలు కనబడదు. తూటా పందిలోంచి బయటికొచ్చి ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదని హంటర్ ఎడ్యుకేషన్‌లో మొదటి పాఠమే చెప్తారు.

రాత్రిరాజు
గైడ్ పక్కనే ఉంటాడు కదా. కొత్తవాడికి అదే సేఫ్ నా లెక్కలో. తెలిసినవాళ్ళ మామగారి రాంచ్‌లో ఎవరు చూస్తారు?

గాలివాటం
ఆ పాయింటు మాత్రం ఒప్పుకుంటా. మంచి గైడ్ దొరికితే.

నలభైఎకరాలు
మీరంతా వేటగాళ్ళ వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను భూమి ఉన్నదాన్ని, టైలర్ అనే ఊరికి కొంచెం అవతల 40 ఎకరాలు, ఎక్కువ భాగం గడ్డి. ఒక్క రాత్రిలో ఏం చేస్తాయో చెప్తా వినండి. సాయంత్రం వెళ్ళేసరికి చదునుగా ఉన్న గడ్డినేల పొద్దున చూస్తే ఎవరో నాగలి పెట్టి పిచ్చిగా తిప్పినట్టు ఉంటుంది, ముట్టెతో అడుగు లోతు తవ్వి వేర్లూ పురుగులూ తినేసి పోతాయి. ఆ గుంటల్లో గడ్డి మళ్ళీ పెరిగి కప్పేస్తుంది, ఆ సంగతి మర్చిపోయి ట్రాక్టర్ ఎక్కితే సీట్లోంచి ఎగిరి పడతాం. మా ఆయన నడుము పట్టేసి రెండు వారాలు మంచం మీదే.

ఇక వేటగాళ్ళు. ప్రతి వారం ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఆంటీ, మీ పొలంలో పందుల్ని కొట్టిపెడతాం" అంటారు. వచ్చి ఒకటి కొడతారు, ఫొటో దిగుతారు. మిగతా పద్నాలుగూ చెల్లాచెదురై పక్క పొలాల్లోకి పోయి, రెండు వారాలకి ఇంకా జాగ్రత్త నేర్చుకుని తిరిగొస్తాయి. ఆడపంది 115 రోజుల్లో ఈనుతుంది, ఈతకి నాలుగు నుంచి ఆరు పిల్లలు. మీరు ఒకటీ రెండూ కొట్టి దాన్ని గెలవలేరు. మాకు పని చేసింది పెద్ద కొరాల్ ట్రాప్ (చుట్టూ కంచె కట్టిన బోను) ఒక్కటే. లోపల మొక్కజొన్న పోసి గేటు తెరిచి పెట్టి, గుంపు మొత్తం లోపలికి రావడం అలవాటయ్యే దాకా మూడు వారాలు ఏమీ చేయకుండా కెమెరాలో చూస్తూ కూర్చున్నాం. ఒక రాత్రి రెండు గంటలకి మా ఆయన ఫోన్‌లో బటన్ నొక్కాడు. 17.

ప్లేనో_కొత్తోడు
ఆంటీ అంటే నేను రాకూడదంటారా 😬

నలభైఎకరాలు
రా నాయనా, ఎవరొద్దన్నారు. పందుల బెడద తీర్చడానికి వెళ్తున్నా అని మాత్రం చెప్పుకోకు. సరదాకి వెళ్తున్నావు, మాంసానికి వెళ్తున్నావు, అలాగే చెప్పు. మంచి అతిథి ఎవరో నాకు గేటు దగ్గరే తెలిసిపోతుంది. తెరిచి ఉన్న గేటు తెరిచి వదిలి, మూసి ఉన్నది మూసి వెళ్ళేవాడు మళ్ళీ రావచ్చు.

రాత్రిరాజు
ఆంటీ చెప్పింది నిజమే, మిస్సోరిలో అయితే కన్జర్వేషన్ డిపార్ట్‌మెంటు వాళ్ళు తమ భూముల్లో పంది వేటే వద్దన్నారు. కొడితే చెదిరిపోతాయి, ట్రాపింగ్ పాడవుతుంది అనే కారణంతోనే. మన దగ్గర దానికి పూర్తి రివర్స్, 2011 నుంచి హెలికాప్టర్ లోంచి కూడా కొట్టొచ్చు

మిరపకాయబజ్జి
2017లో హాట్ ఎయిర్ బెలూన్ కూడా చేర్చారు. జోక్ కాదు, నిజంగానే చట్టం చేశారు

జస్ట్‌చిల్
బెలూన్‌లో వెళ్తే గాలివాటం అన్న పౌడర్ సీసా అక్కర్లేదు, మనమే గాలివాటం

ఆకుపచ్చ_మనసు
ఇంత ఉత్సాహంగా చంపడం గురించి మాట్లాడుకుంటుంటే ఇబ్బందిగా ఉంది. మనుషులు తెచ్చి వదిలిన జంతువు, దాని తప్పేముంది?

గాలివాటం
దాని తప్పేం లేదు, ఒప్పుకుంటా. స్పానిష్ వాళ్ళు తిండి కోసం ఈ ఖండానికి తెచ్చారు, తప్పించుకున్నవి అడవిలో పడ్డాయి. 1930ల్లో టెక్సాస్ రాంచ్‌ల వాళ్ళు వేట సరదాకి యూరప్ అడవి పందుల్ని తెచ్చి వదిలారు, రెండూ కలిసిపోయాయి. ఇప్పుడు ఈ ఒక్క రాష్ట్రంలోనే 25 లక్షలకి పైగా ఉన్నాయని అంచనా. నేల మీద గుడ్లు పెట్టే పక్షులకీ తాబేళ్ళకీ ఇవి యముళ్ళు. మీకు ఇబ్బందిగా ఉండటం మాత్రం తప్పు కాదండీ, నాకూ ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక నిమిషం అలాగే ఉంటుంది. ఆ నిమిషం లేనివాళ్ళతో నేను వేటకి వెళ్ళను.

ఆకుపచ్చ_మనసు
సరే. కనీసం గాయపరిచి వదిలేయకండి.

బెల్ట్‌బకిల్
దానికి సింపుల్. జింకకి లాగే, భుజం వెనక, పక్కటెముకల మధ్య కొట్టు. అయిపోతుంది.

కసాయిబాబు
అదిగో, సరిగ్గా అలా కొట్టే సగం పందులు గాయంతో పారిపోతాయి. గట్టిగా చెప్తున్నందుకు ఏమనుకోకు బ్రో, నేను ముప్పైకి పైగా కోసి చూశా, లోపల ఏది ఎక్కడుందో కళ్ళారా చూసినవాణ్ణి. పందికి గుండె, ఊపిరితిత్తులు జింక కన్నా ముందుకీ కిందకీ ఉంటాయి, దాదాపు ముందు కాళ్ళ మధ్యే. జింకకి కొట్టినట్టు భుజం వెనక కొడితే కడుపులోకి పోతుంది. అది నీ కళ్ళముందే పొదల్లోకి దూరి, రాత్రంతా నరకం పడి, రెండు మైళ్ళ అవతల చస్తుంది.

సరిగ్గా పక్కకి తిరిగి నిలబడే దాకా ఆగు. ముందు కాలు వెంబడే కిందనుంచి పైకి చూపు పోనిచ్చి, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర ఆపు. అక్కడ కొట్టు. పెద్ద మగపందికి భుజం మీద గట్టి పొర ఉంటుంది, ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి కదా, కోరలు దిగకుండా. కత్తికి లారీ టైరులా తగులుతుంది. అందుకే పలచటి తూటాలు వద్దనేది. చెవి వెనక కొడితే అక్కడికక్కడే పడుతుంది నిజమే, కానీ తల ఒక్క క్షణం కుదురుగా ఉండదు, గురి కొంచెం తప్పితే దవడ పోయి ఆకలితో చస్తుంది. కొత్తవాడివి, ఆ జోలికి పోకు.

బెల్ట్‌బకిల్
హ్మ్. నేను రెండు పోగొట్టుకున్నా. ఇప్పుడు అర్థమైంది ఎందుకో

కసాయిబాబు
ఇంకోటి. కొట్టగానే పరిగెత్తుకెళ్ళకు, 20 నిమిషాలు ఆగు. తర్వాత కూడా ఇద్దరు కలిసి వెళ్ళండి, తుపాకీ సిద్ధంగా ఉంచుకుని, వెనకవైపు నుంచి దగ్గరికి పొండి. గాయపడ్డ పంది దట్టమైన పొదలో పడుకుని నీకోసమే చూస్తుంటుంది.

పశ్చిమవాసి
ఎవరూ హావలీనా మాట ఎత్తలేదేంటి? అబిలీన్ నుంచి ఇంకా పడమరకో దక్షిణానికో వెళ్తే అవీ తగలొచ్చు. చూడ్డానికి చిన్న పందిలా ఉంటుంది కానీ పంది జాతే కాదు. మెడ చుట్టూ తెల్ల కాలర్ లాంటి పట్టీ, తోక కనబడదు, ఒంటి మీద నిక్కపొడుచుకున్న బూడిదరంగు వెంట్రుకలు. అది గేమ్ యానిమల్, దానికి సీజన్ ఉంది, ఇన్నే కొట్టాలని లెక్క ఉంది, లైసెన్సూ తప్పనిసరి. మా బావమరిది "పంది పంది" అని అరుస్తూ ఒకదానికి గురిపెట్టాడు, తుపాకీ గొట్టం పట్టుకుని పక్కకి తోశా.

గాలివాటం
గొట్టం పట్టుకుని తోశావా?! మీ ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి హంటర్ ఎడ్యుకేషన్ మళ్ళీ చేయించాలి

పశ్చిమవాసి
వెనకనుంచి తోశా అన్నా, కథలో కొంచెం మసాలా వేశా

నైట్‌డ్యూటీ_నర్సు
ఇది అందరూ చదవండి. అడవి పందుల్లో బ్రుసెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. కోసేటప్పుడు రక్తమో, పేగుల దగ్గర ద్రవాలో చేతి మీది చిన్న గీత ద్వారానో కంట్లో చింది పడో మనకి అంటుకుంటుంది. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది, చెమటలు, కీళ్ళ నొప్పులు. మేం చూసిన ఒకాయనకి నెలకి పైగా ఫ్లూ అనే అనుకున్నారు, పందిని కోశానన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అలాంటి జ్వరం వస్తే డాక్టర్‌కి మొదట చెప్పాల్సింది అదే.

గ్లవ్స్ వేసుకోండి, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి, కోసేటప్పుడు తినడం తాగడం పొగ తాగడం వద్దు. అయ్యాక సబ్బుతో చేతులు కడగండి. కుక్కకి పచ్చి ముక్క వేయకండి, పందుల నుంచి సూడోరేబీస్ సోకితే కుక్క బతకదు. మాంసం లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చేదాకా ఉడకాలి, థర్మామీటర్ గుచ్చి చూడండి. ఫ్రీజర్‌లో పెడితే పురుగులు చచ్చిపోతాయన్నది అడవి జంతువుల మాంసం విషయంలో నమ్మొద్దు.

మిరపకాయబజ్జి
ఇప్పుడు పనీర్ తింటా

కసాయిబాబు
నర్సు గారు చెప్పింది అక్షరాలా నిజం. రుచి సంగతి నేను చెప్తా: 60 నుంచి 100 పౌండ్ల ఆడపంది బెస్ట్. పెద్ద మగది కొట్టి గొప్పగా ఫొటో దిగుతారు, దాన్ని వండితే ఇల్లంతా అదో కంపు, నాలుగు రోజులు పోదు. కొట్టిన వెంటనే చల్లబరచాలి, ఇక్కడి వేడికి గంటల్లో పాడవుతుంది, ఐసు వెళ్ళేటప్పుడే కొనుక్కెళ్ళు. కరిగిన నీళ్ళు ఎప్పటికప్పుడు వంపేస్తూ ఉండు.

ప్లేనో_కొత్తోడు
అప్‌డేట్. కోర్సు పాసయ్యా. లాయర్‌కి మెయిల్ పెట్టా, కాగితాలపిచ్చి గారు చెప్పిందే ఆవిడా చెప్పింది, కాకపోతే దానికి బిల్లు వేసింది. ఆరు నెలలు ఎప్పుడో దాటాయి కాబట్టి 25 డాలర్ల లైసెన్సు. రేంజ్‌లో ఆయన .308, .243 రెండూ ఇచ్చాడు. .308 మొదటి దెబ్బకే భుజం పట్టేసింది, రెండో తూటాకి కాల్చకముందే కళ్ళు మూసుకుంటున్నానని ఆయనే కనిపెట్టాడు. .243తో వంద గజాల్లో ఆఖరికి అయిదు తూటాలు అరచేతంత చోట పడ్డాయి. రైఫిల్ కొనలేదు. పౌడర్ సీసా కొన్నా.

గాలివాటం
కళ్ళు మూసుకుంటున్నట్టు నువ్వే ఒప్పుకున్నావు చూడు, అక్కడే సగం నేర్చేసుకున్నావు. .243 పట్టుకెళ్ళు.

ప్లేనో_కొత్తోడు
వెళ్ళొచ్చా. పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

శనివారం సాయంత్రం బ్లైండ్‌లో (వేటగాళ్ళు దాక్కుని కూర్చునే చోటు) కూర్చున్నాం. ఎదురుగా 80 గజాల్లో ఫీడర్. ఆరున్నరకి అది గిర్రున తిరిగి మొక్కజొన్న చల్లింది, ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డా. మొదట పౌడర్ నా మొహం మీదకే వస్తోంది, అంటే బాగుంది. ఏడు దాటాక చీకటి పడుతుండగా వెనక మెస్కీట్ చెట్లలో గుర్రుగుర్రుమంటూ చప్పుడు, చిన్న పిల్లల కీచులు. నా గుండె చప్పుడు నాకే వినబడుతోంది. సరిగ్గా అప్పుడే చెవి పక్కన గాలి మారినట్టనిపించి సీసా నొక్కా, పొడి మెల్లగా నా భుజం మీదుగా అటే వెళ్ళింది. రెండు సెకన్లు. ఒక్కసారి "వుఫ్" అని వినబడింది, తర్వాత కొమ్మలు విరిగిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఒక్క పంది కూడా కంటికి కనబడలేదు. గాలివాటం గారూ, మీరు గుర్తొచ్చారు.

ఆదివారం తెల్లవారుజామున గాలి చూసుకుని అవతలి వైపు బ్లైండ్‌కి మారాం. దారిలో ఆయన కంచె స్తంభం చూపించాడు, మోకాలి ఎత్తు వరకు ఎండిన బురద అట్ట కట్టి, ముళ్ళ తీగకి నల్లటి బిరుసు వెంట్రుకలు. కింద బురద ఇంకా తడిగా ఉంది. ఏడుంపావుకి ఆరు వచ్చాయి. పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగా, ఎంతసేపు ఆగానో తెలీదు, ఒకటి తిరిగితే దాని వెనక ఇంకోటి ఉంటుంది. ఆఖరికి ఒకటి విడిగా నిలబడింది, దాని వెనక మట్టి గట్టు. కాలు వెంబడి పైకి, మూడో వంతు. కాల్చా. నలభై గజాలు పరిగెత్తి పొదలోకి పోయింది.

20 నిమిషాలు. అంత పొడుగు 20 నిమిషాలు నా జీవితంలో లేవు. రక్తం చుక్కలు పట్టుకుని ఇద్దరం వెళ్ళాం, పొద అంచునే పడి ఉంది. ఆడది, 80 పౌండ్లు ఉంటుందన్నాడు. సంతోషం వస్తుందనుకున్నా, రాలేదు, కాసేపు అక్కడే నిలబడ్డా. ఆ తర్వాత కోయడానికి రెండున్నర గంటలు, ఆయన ఒక్కడే అయితే 40 నిమిషాల పనట. గ్లవ్స్ మూడు జతలు చిరిగాయి. గేటు తెరిచి ఉన్నది తెరిచే వదిలా ఆంటీ.

నలభైఎకరాలు
మా పొలానికి ఎప్పుడొస్తావు

కసాయిబాబు
తూటా ఎక్కడ తగిలిందో కోసేటప్పుడు చూశావా?

ప్లేనో_కొత్తోడు
రెండు ఊపిరితిత్తులూ, గుండె పైభాగం. నేను అనుకున్న చోటికి రెండంగుళాలు వెనక. జింకకి లాగే భుజం వెనక గురిపెట్టి ఉంటే ఆ రెండంగుళాలతో కడుపులోకే పోయేది.

బెల్ట్‌బకిల్
👏 నన్నెందుకు గుర్తుచేస్తారు

ప్లేనో_కొత్తోడు
ఒక ప్రశ్న మిగిలిపోయింది, సిగ్గు విడిచి అడుగుతున్నా. సోమవారం పొద్దున లేచేసరికి సాక్సు అంచు దగ్గర, నడుము బెల్టు దగ్గర ఎర్రటి దద్దుర్లు, లెక్కపెడితే 60 దాటాయి, భరించలేని దురద. స్టాండప్ కాల్‌లో కెమెరా ఆపేసి గోక్కుంటున్నా. మా వాడు నెయిల్ పాలిష్ రాయమంటున్నాడు, లోపలున్న పురుగు ఊపిరాడక చస్తుందట.

నైట్‌డ్యూటీ_నర్సు
చిగ్గర్లు, గడ్డిలో ఉండే చిన్న పురుగులు. నెయిల్ పాలిష్ వద్దు, లోపల పురుగేం ఉండదు, అది కుట్టి ఎప్పుడో రాలిపోయింది. హైడ్రోకార్టిజోన్ క్రీము, దురద మాత్ర, గోళ్ళు కత్తిరించుకో. ఈసారి ప్యాంటు అంచులకీ సాక్సులకీ పర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టి వేసుకెళ్ళు. ఆ బట్టలు వేడినీళ్ళలో ఉతికావా లేదా?

ప్లేనో_కొత్తోడు
కుర్చీ మీద ఉన్నాయి

మిరపకాయబజ్జి
ఆ కుర్చీలో కూర్చునే టైప్ చేస్తున్నావు కదూ